అవతలి కొస

ఆ గురువారం పొద్దున అలివేలమ్మ చేయాల్సిన పనులు ఇవి. నల్ల రంగు కోసం పెట్టిన కసిం కుండ మూత తీసి, బెల్లం నీళ్లలో వేసిన తుప్పు ఇనుము సరిగ్గా పులిసిందో లేదో చూడాల. కరక్కాయ పొడి ఎనుము పాలలో కలిపి కొత్త గుడ్డ నానేయాల. అరిగిపోయిన వెదురు కలాలకు దారం మార్చి చుట్టాల. గడప పక్కన వచ్చి కూర్చునే సంతోషమ్మకు గోనెసంచి పరిచి, ఇన్ని టీనీళ్లు ఇయ్యాల. ప్రసన్న కూర్చునే పీట ఎవరి కాళ్లకూ తగలకుండా గోడకు ఆనించాల. పోలీసోళ్లు మళ్లీ వస్తే, మొదటి దినం చెప్పిందే ఒక్క మాట మారకుండా చెప్పాల.

మొదటి మూడు పనులు ఆమె ఇరవై రెండేళ్లుగా చేస్తున్నవే. ఆఖరి మూడు మాత్రం పన్నెండు దినాలుగా చేస్తోంది.

నీలిగుంటపాళెం స్వర్ణముఖి ఒడ్డున ఉంటుంది. కాళహస్తికి బస్సులో అరగంట. రఘునాథ్ కలంకారీ కార్ఖానాలో తొమ్మిదిమంది ఆడవాళ్లు పనిచేస్తారు. అందరి మీదా మేస్త్రి అలివేలమ్మ. ఆమె గీసిన గీతల లోపల మిగతావాళ్లు రంగులు నింపుతారు. పన్నెండు దినాల కిందట వాళ్లలో ఒకరు తగ్గారు. డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేదాకా ఊరికే ఉండటమెందుకని పనికి వచ్చిన పిల్ల ప్రసన్నకుమారి. తొమ్మిదో దినాన, ఊరికి ఐదు కిలోమీటర్ల ఎగువన, చెక్‌డ్యామ్ దాటినాక ఇసుక తోడిన గుంతలో ఆమె దొరికింది. మేకలు తోలుకుపోయినవాళ్లు వాసన పట్టి చూశారు.

తల్లి సంతోషమ్మ మాత్రం పిల్ల కనపడని మరుసటి దినం నుంచి కార్ఖానా గడప పక్కన వచ్చి కూర్చుంటోంది. బిడ్డను పూడ్చిపెట్టిన మరుసటి దినం కూడా వచ్చింది. వచ్చి ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది.

"అక్కా, కడాకు సూసింది నువ్వే గదా. ఆ పొద్దు ఏం జరిగిందో ఇంకొకతూరి సెప్పు."

అలివేలమ్మ చెప్పేది. "ఏముండాది సంతోషమ్మా. మూడున్నరకు సంచి ఎత్తుకోని, ఇంటికి పోతాండానక్కా అనె. సరే పోమ్మా అంటిని."

సంతోషమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ పూర్తిగా వినేది. "ఇంతేనా అక్కా?" అనేది.

"అంతే తల్లీ."

కూతురి గురించి ఎన్నిసార్లు విన్నా తనివి తీరటం లేదనుకునేది అలివేలమ్మ. అట్లా అనుకుంటే కొంచెం ఊపిరాడేది.

పదిన్నర ప్రాంతంలో మెయిన్ రోడ్డు మీద టపాకాయలు పేలాయి. అందరూ పని ఆపి తలలెత్తారు. నీళ్లు తేవడానికి పోయిన స్టెల్లా బిందె వాకిట్లోనే పడేసి లోపలికి ఉరికొచ్చింది.

"దొరికినాడంటక్కా! పట్టేసినారంట! ఇసుక లారీల కాడ పెట్టిన కెమెరాలో ఆటో పడిందంట. పొయ్యేటప్పుడు ఇద్దరంట, వచ్చేటప్పుడు ఒగడేనంట..." అంటూ అక్కడికి ఆగిపోయింది. ఆమె చూపు రెండో వరసలో పసుపు నింపుతున్న కృపామణి మీద నిలిచింది.

"ఎవురు మే?" అంది ఎవరో.

స్టెల్లా గొంతు తగ్గించింది. "మునిశేఖరన్న."

కృపామణి మొగుడు. కార్ఖానా సరుకు కాళహస్తికి చేరవేసేది అతని ఆటోనే. దసరాకు కార్ఖానాలో అందరితోపాటు అతనికీ గుడ్డలు పెడతారు.

కృపామణి చేతిలోని కలాన్ని గిన్నెలో ముంచి కడిగింది. దారం పిండి, మొనను గుడ్డతో తుడిచి, సాయంత్రం పని ముగించినప్పుడు పెట్టినట్టే డబ్బాలో నిలబెట్టింది. తర్వాత లేచి, "పాప ఇంట్లో ఒగతే ఉండాది" అంది. ఎవరికి చెప్పిందో తెలియదు. ఆమె గడప దాటేటప్పుడు ఇరుపక్కలా ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కున్నారు. గోనెసంచి మీది సంతోషమ్మ ఒక్కతే కదలలేదు. కృపామణి కాలు ఆమె మోకాలికి తగిలింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కృపామణి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఊరు తిరునాళ్లలా అయింది. కూడలిలో పోలీసుల ఫొటోలతో ఫ్లెక్సీ లేచింది. దానికి పాలు పోశారు. "అప్పగించండప్పా మాకు, కోర్టులెందుకు?" అని ఒకడు బండి మీద నిలబడి అరుస్తుంటే మిగతావాళ్లు ఈలలు వేశారు. ప్రసన్న కనపడకుండా పోయిన మూడో దినం, "ఇంకేముందిలే, ఇప్పటికి బెంగళూరులో కాపురం పెట్టింటాది" అని నవ్విన టీ అంగడాయన ఈరోజు అందరికీ లడ్డూలు పంచుతున్నాడు. టీవీ పిల్ల ఒకతి మైకు పట్టుకుని కార్ఖానా గడప దగ్గరికొచ్చి సంతోషమ్మ ముందర మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నిందితుడు దొరికాడు. మీరేం కోరుకుంటున్నారు? అతన్ని ఏం చెయ్యాలంటారు?"

"నా బిడ్డ పేరు ప్రసన్నకుమారి," అంది సంతోషమ్మ. "మీ టీవీలో యువతి, యువతి అంటాండారు. దానికి పేరుండాది."

"సరేనమ్మా, శిక్ష ఏం పడాలి?"

"ఆ పేరు రాసుకున్నావా?"

టీవీ పిల్ల లేచి, వేరే మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది.

సందకాడ స్టెల్లా ఇంకో కబురు తెచ్చింది. కృపామణిని కూడా జీపు ఎక్కించారు. "ఆ పొద్దు మూడు గంటలకు మన కార్ఖానా ఫోన్ నుంచి కృపక్క ఫోన్‌కు పొయ్యిందంట. ప్రసన్న ఆటో కోసరం చేసిందంట. ఈ యమ్మే మొగుణ్ణి పంపిందంట. వాడు కూడా అదే సెప్తాండాడంట, నా పెళ్లామే పంపిందని. సూడక్కా, పక్కనే కూర్చోని పని సేసినామే, కడుపులో ఏం పెట్టుకున్నిందో!"

అలివేలమ్మ అప్పుడు కొత్త గుడ్డ మీద ఏనుగు తొండం గీస్తోంది. చేతిలో కలం ఒరిగి, నల్లటి కసిం చుక్క ఒకటి గుడ్డ మీద పడింది. ఇరవై రెండేళ్లలో ఆమె చేతి నుంచి చుక్క పడటం ఎవరూ చూడలేదు.

ఆ ఫోన్ చేసింది అలివేలమ్మే.

పటిక నీళ్లు పూసిన గుడ్డను పారే నీళ్లలో కడగాలి. ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని, మడత పడకుండా నీళ్ల మీద పరిచి ఆడించాలి. మడత పడితే ఒకచోటి పటిక ఇంకోచోటికి అంటుకుంటుంది. అప్పటికి ఏమీ కనపడదు. ఎర్ర రంగిచ్చే వేరుతో ఉడకబెట్టాక, తెల్లగా ఉండాల్సినచోట ఎర్ర మచ్చలు తేలతాయి. అందుకే ఎంత తొందరైనా ఏటికి ఒంటిగా ఎవరినీ పంపకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది అలివేలమ్మే. ఆ శనివారం చెన్నై సరుకు ఆలస్యమైపోతోంది. బోరు ఎండిపోయింది, ఊరి దగ్గర ఏట్లోనూ పారే నీళ్లు లేవు. ప్రసన్నతో వెళ్లాల్సిన కృపామణి, పాపకు జ్వరమని పనికి రాలేదు. కనుక్కుందామని అలివేలమ్మ కృపామణి నంబరుకు ఫోన్ చేస్తే మునిశేఖర్ ఎత్తాడు. ఫోన్ చార్జింగుకు పెట్టి ఆమె పాపను కాళహస్తికి ఎత్తుకుపోయిందన్నాడు.

"అట్లయితే నువ్వే రాప్పా తమ్ముడా," అంది అలివేలమ్మ. "ప్రసన్నను మెయిన్ రోడ్డు కాడ ఎక్కించుకోని చెక్‌డ్యామ్ కాడికి పిల్చకపో. రోంతసేపు అవతలి కొస నువ్వే పట్టుకో. నీకు పుణ్యముంటాది."

రాత్రికి పిల్ల ఇంటికి రాలేదని కానిస్టేబుల్ వచ్చి అడిగినప్పుడు, ఏటికి పంపానని అలివేలమ్మ నోట రాలేదు. మగవాడితో ఒంటిగా పంపింది తనే. తెల్లారితే పిల్ల ఎట్లాగూ వచ్చేస్తుంది, ఈ ఒక్క పూటకు ఎందుకు రచ్చ అనుకుంది. ఇంటికి పోతానని పోయిందంది. మునిశేఖర్‌ను పక్కకు పిలిచి అడిగితే, "నేను పొయ్యేసరికి ఆ పిల్ల ఆడ లేదక్కా, నేనెత్తుకోలేదు" అన్నాడు. ఆ మాటను ఆమె నమ్మాలనుకుంది, నమ్మింది. ఒక్క పూటకని చెప్పిన అబద్ధానికి పన్నెండు దినాలు నిండాయి.

*

శుక్రవారం పొద్దున స్టేషను నుంచి కబురొచ్చింది. గుంతలో దొరికిన గుడ్డ కార్ఖానాదేనని గుర్తుపట్టి సంతకం పెట్టాలి. బయలుదేరేటప్పుడు రఘునాథ్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు. అతను మాట్లాడేటప్పుడు గోడమీది సర్టిఫికెట్లను చూస్తాడు.

"అలివేలమ్మా, ఆ పిల్ల గుడ్డను ఇంట్లో పని చేసుకుంటానని తీసుకుపోయిందని నువ్వు చెప్పినావు. నేనూ అదే చెప్పినా. ఇప్పుడు మాట మార్చుకునే పని లేదు కదా?"

"ఏం మారుస్తాను సార్."

"దొంగ దొరికినాడు. ఇంక మనకు సంబంధం లేదు. తొమ్మిది ఇండ్ల పొయ్యిలు ఈ కార్ఖానా మీద ఉండాయి, అది గుర్తుపెట్టుకో."

ఆయనకు ఎంత తెలుసో అలివేలమ్మకు తెలియదు. ఆయన ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే ఆయన పద్ధతి.

స్టేషను వరండాలో, గోడకు వీపు ఆనించి, కింద కూర్చుని ఉంది కృపామణి. జుట్టు రేగిపోయింది. గోళ్ల సందుల్లో నిన్నటి పసుపు రంగు ఇంకా ఉంది. అలివేలమ్మను చూడగానే చేతులు నేలకు ఊని లేవబోయింది. లేడీ కానిస్టేబుల్ కూర్చోమంది.

"అక్కా, నా పాపను సూసినావా?"

"మీ అత్త కాడ ఉండాదంట."

"అక్కా, నువ్వు కార్ఖానాలోనే ఉంటివి గదా ఆ పొద్దు. ఫోన్ చేసింది ఎవురక్కా? నేను ఎత్తలేదు. నేను కాళహస్తిలో డాక్టరు కాడ ఉండా. చీటీ ఉండాదంటే, తారీకు ఉండాది, టైము లేదంటాండారు సార్ వాళ్లు. ప్రసన్నేనా చేసింది? నువ్వు సూసే ఉంటావు గదక్కా?"



"నేను ఆవల కుండల కాడ ఉంటిని మే," అంది అలివేలమ్మ. "సూడలేదు."

ఎస్సై జయరావు మూడు దినాలుగా నిద్రలేని మనిషిలా ఉన్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ కవర్లోంచి గుడ్డను బయటికి తీయించాడు. దానిలో ఒక ముక్క కత్తిరించి ల్యాబుకు పంపారు. మిగతాది ఇసుక అంటుకుని ముడుచుకుపోయి ఉంది.

"మీదేనా చూడమ్మా."

అలివేలమ్మ గుడ్డ మడతలు విప్పింది. తను గీసిన తామర తీగలు, తను గీసిన చిలుకలు. ఒక మూల ప్రసన్న గీసిన చిన్న చిలుక. దాని ముక్కు కొంచెం లావైంది. "ఇది దోసకాయ తినే చిలకక్కా, పండ్లు దొరకలేదు దీనికి" అని ఆ పిల్ల నవ్వింది. అలివేలమ్మ చెరిపేయమనలేదు.

గుడ్డ మీద చేయి పెట్టి రాస్తూ పోయింది. ఎడమ కొస బిరుసుగా, కాగితంలా ఉంది. కుడి కొస మెత్తగా ఉంది. ఆమె చేయి మధ్యలో ఆగింది. స్టేషను రైటర్ కాగితాల మీదికి వంగి ఉన్నాడు. ఎస్సై ఫోన్‌లో ఉన్నాడు. కార్ఖానాలో అందరికీ ఉన్న అలవాటు అది. కడిగిన గుడ్డలో పటిక పోయిందో లేదో నాలుక మొనతో చూస్తారు. పటిక ఉంటే నాలుక వగరుతో ముడుచుకుంటుంది. ప్రసన్నకు ఆ వగరు గిట్టదు. ప్రతిసారీ ముఖం చిట్లించి, "ఇంకా ఉండాదక్కా, ఇంకో నాలుగు ఊపులు" అనేది.

అలివేలమ్మ కన్ను తుడుచుకున్నట్టు కుడి కొసను ముఖానికి తెచ్చుకుంది. వగరు లేదు. ఎడమ కొసను తెచ్చుకుంది. నోరంతా ముడుచుకుపోయింది.

సగం కడిగింది. అవతలి కొస ఎవరు పట్టుకున్నా, పట్టుకోకున్నా, ఆ పిల్ల తనకు చెప్పిన పని సగందాకా చేసింది. మడత పడకుండా, ఎక్కడా మచ్చ రాకుండా చేసింది.

"మీదేనా?" అన్నాడు ఎస్సై ఫోన్ పెట్టేసి.

"మాదే సార్."

"ఇంట్లో పని చేసుకోడానికి తీసుకుపోయింది. అంతే కదా?"

నోట్లో వగరు ఇంకా పోలేదు. అలివేలమ్మ తలూపింది. రైటర్ చూపించినచోట సంతకం పెట్టింది. వరండా దాటేటప్పుడు కృపామణి వైపు చూడలేదు.

*

శనివారం సాయంత్రం నాలుగింటికి ఊరేగింపు. కొవ్వొత్తులు, ప్లకార్డులు. ప్రసన్న ఫొటో పెద్దదిగా ముందు నడిచింది. కాలేజీ పిల్లలు నిజంగానే ఏడుస్తున్నారు. వాళ్ల వెనక, మూడో దినం ఏమన్నారో మరిచిపోయిన పెద్దలు నడుస్తున్నారు. కార్ఖానాకు సెలవిచ్చారు. రఘునాథ్ తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో ఉన్నాడు. అలివేలమ్మ చేతికి ఎవరో కొవ్వొత్తి ఇచ్చారు. అది వెలుగుతూనే ఉంది, ఆమె పట్టుకునే ఉంది.

ఊరేగింపు కూడలి దగ్గర ఆగాల్సింది, ఆగలేదు. చర్చి సందులోకి తిరిగి, కృపామణి ఇంటి ముందు నిలబడింది. రేకుల ఇల్లు. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. అత్త పాపను ఎత్తుకుని ముందురోజే పుత్తూరు బస్సెక్కింది. ఎవరో తలుపు తన్నారు. ఎవరో రేకు మీద రాయి వేశారు. ఆ చప్పుడుకు సందంతా ఉలిక్కిపడి, తర్వాత ఉత్సాహపడింది. లోపలి సామాన్లు బయటికొచ్చాయి. ఒక కుర్చీ, ఒక మిక్సీ, పాప బూట్లు.

"తల్లి చేత మన్ను ఎత్తిపోయించండప్పా!" అని ఒకాయన అరిచాడు. "ఆ యమ్మ శాపం తగలాల ఈ కొంపకు!"

సంతోషమ్మను ముందుకు తోశారు. ఒకామె దోసిలి నిండా మట్టి తీసి ఆమె చేతుల్లో పోసింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. సంతోషమ్మ చేతిలోని మట్టిని చూసింది. తెరిచి ఉన్న తలుపును చూసింది. తర్వాత చేతులు రెండూ విడదీసింది. మట్టి ఆమె కాళ్ల మీదే రాలింది. కొంగుతో చేతులు తుడుచుకుని జనంలోంచి బయటికి నడిచింది.

"పాపం, మతి సరిగ్గా లేదు," అన్నాడు టీ అంగడాయన.

అలివేలమ్మ ఆమె వెనకాలే వెళ్లింది. సందు చివర కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది సంతోషమ్మ.

"ఎందుకు పొయ్యలేదు సంతోషమ్మా?"

"ఆ యమ్మ పంపలేదు గదక్కా."

అలివేలమ్మ చేతిలో కొవ్వొత్తి ఎప్పుడు ఆరిపోయిందో ఆమెకే తెలియదు.

సంతోషమ్మ కుళాయి కట్టేసింది. గట్టిగా తిప్పితేగాని కట్టుకోదది. రెండు చేతులా తిప్పింది.

"ఆ పొద్దు మూడింటికి నాకు ఫోన్ చేసింది నా బిడ్డ. అమ్మా, అలివేలక్క గుడ్డ కడగను ఏటికి పంపిస్తాండాది, రోంత ఆలస్యమవుతాది, ఎదురు సూడొద్దు అనె. ఎవురితో పోతాందో నేను అడగలేదు. ఎప్పుడూ ఇద్దరు పోతారు గదా, కృపామణితోనే అనుకున్నా."

"పోలీసులకు..."

"సెప్పినా. ఆ రాత్రే సెప్పినా, ఏటికాడ వెతకండి సార్ అని. కార్ఖానాలో కనుక్కున్నారు. మేస్త్రమ్మ ఇంటికి పోయిందని చెప్తాంది, నువ్వు ఏడుపులో ఏదేదో అంటాండావు అన్నారు. బస్టాండులు వెతికినారు. నేనొగదాన్నే ఊరెనకాల ఏరంతా తిరిగినా. చెక్‌డ్యామ్ కాడికి పోతారని నాకు తెలీదక్కా. అంత దూరం పంపుతావని నాకు తెలీదు."

అలివేలమ్మ కుళాయి గట్టు మీద కూర్చుంది.

"ఆ రాత్రే వెతికింటే..." అనబోయింది.

"బతికుండేది కాదంట. డాక్టరు సెప్పినాడు. ఆ సాయంత్రమే అయిపోయిందంట." సంతోషమ్మ గొంతులో ఎక్కడా ఎత్తుపల్లం లేదు. "కాని అక్కా, ముఖం మిగిలుండేది నాకు. తొమ్మిది దినాలకు ఏం మిగులుతాది? గోళ్లకుండే రంగు సూసి గుర్తుపట్టినా నా బిడ్డను."

"నన్నెందుకు అడగలేదమ్మా? నీ చెప్పు తీసుకోని కొట్టింటే సరిపోయిండేది గదా!"

"దినమూ అడిగితినే," అంది సంతోషమ్మ. "నేను సెప్తే అది ఏడ్చే మనిషి మాట. నువ్వు సెప్తే రాసుకుంటారు. ఈ పొద్దు సెప్తావేమో, రేపు సెప్తావేమో అని పన్నెండు దినాలు నీ గడప కాడ కూర్చుంటి. నిన్న దోవలోనే ఎనక్కి మళ్లితి. నువ్వు టేసనుకు పొయ్యి సంతకం పెట్టొచ్చినావని స్టెల్లా సెప్పింది. ఇంక ఆ గడపలో నాకేం పని?"

సందులో రేకు ఒకటి ఊడి కింద పడిన చప్పుడు, దాని వెనకాలే కేకలు వినపడ్డాయి.

అలివేలమ్మ లేచింది. మెయిన్ రోడ్డు మీదుగా పోతే ఊరేగింపు ఎదురవుతుంది. పొలం గట్టున నడిచింది. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినపడింది. సంతోషమ్మ వస్తోంది.

స్టేషనులో ఎస్సై జయరావు టీవీ వాళ్ల కోసం టోపీ సరిచేసుకుంటున్నాడు. గంటలో ప్రెస్‌మీట్. కృపామణిని రెండో ముద్దాయిగా చూపించబోతున్నారు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది.

"సార్, ఆ ఫోన్ చేసింది నేను," అంది అలివేలమ్మ.

చెప్పాల్సిందంతా నిలబడే చెప్పింది. బోరు ఎండిపోవడం, చెన్నై సరుకు, పాప జ్వరం, ఫోన్ ఎత్తింది మునిశేఖర్ అని. అవతలి కొస పట్టుకోమని తన నోటితోనే అన్న మాటను ఆఖరికి మిగుల్చుకుంది. అదీ చెప్పింది.

ఎస్సై టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్న ఇక్కడే సంతకం పెట్టినావు కదమ్మా. ఇంట్లో పనికని తీసుకుపోయిందంటివి."

"అబద్ధం సార్."

"ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్ల నమ్మేది? ఎవరైనా చెప్పమన్నారా? ఆ కృపామణి తరపోళ్లా? బయట జనం చూసినావా? దాన్ని వదిలితే నన్ను పీకి పందిరేస్తారు."

"ఆ గుడ్డ తెప్పించు సార్."

"ఎందుకు?"

"తెప్పించు సార్, సెప్తాను."

కవర్ వచ్చింది. అలివేలమ్మ రెండు కొసలూ తీసి ఎస్సై ముందర పెట్టింది. "ఈ పక్క నాలిక పెట్టి సూడు. తర్వాత ఆ పక్క సూడు."

"ఏమ్మా, పిచ్చా నీకు?" అన్నాడు రైటర్.

"పటిక పూసి ఆరబెట్టిన గుడ్డ సార్ ఇది. ఇంట్లో చేసుకునే పని దీంట్లో ఏమీ లేదు, పారే నీళ్లలో కడిగేదే మిగిలింది. సగం కడిగుండాది. బిందెలో ముంచితే సాంతం తడుస్తాది, పటికంతా ఒకదానికొకటి అంటుకుంటాది. పారే నీళ్లలో పట్టుకోని ఆడించితేనే ఇట్ల గీత గీసినట్టు సగం పోతాది, సగం ఉంటాది. ఆ పిల్ల ఇంటికి పోలేదు. ఏటికే పోయింది. నేనే పంపినా. మీరు నమ్మకపోతే ఏ కార్ఖానా మనిషినైనా పిలిపించి అడగండి."

ఎస్సై గుడ్డను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత కుడి కొసను వేళ్లతో రాసి చూశాడు. ఎడమ కొసను రాశాడు. ఆ వేలిని, ఎవరూ చూడటం లేదన్నట్టు, నాలుక మీద పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుంది.

"తప్పుడు వాంగ్మూలానికి నీ మీద కేసవుతుంది. తెలుసా?"

"రాసుకోండి సార్. నా పేరు యాడ రాయాల్నో ఆడ రాసుకోండి. ఆ యమ్మ పేరు తీసెయ్యండి."

సంతోషమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎస్సై ఆమె వైపు చూశాడు. "నువ్వు మొదటి దినమే చెప్పినావు కదమ్మా, ఏరు అని," అన్నాడు నెమ్మదిగా.

ఆ సాయంత్రం ప్రెస్‌మీట్‌లో ముద్దాయి ఒక్కడే. రెండో కాగితం ఎస్సై సొరుగులోకి పోయింది. పొద్దు గూట్లో పడే వేళకు కృపామణిని పంపేశారు. మెట్ల కింద తన చెప్పులు వెతుక్కుని వేసుకుంది. ఎదురుగా అలివేలమ్మ నిలబడి ఉంది.

"కుండల కాడ ఉంటినంటివే అక్కా," అంది కృపామణి.

రేకులు లేని ఇంటి వైపు చూడకుండానే, పుత్తూరు బస్సు ఆగే వైపు నడిచింది. ఆమె మళ్లీ ఆ ఊరికి రాలేదు.

మరుసటి దినం నుంచి ఊరు అలివేలమ్మ పేరు నేర్చుకుంది. అవే గొంతులు, అవే ఫోన్లు. రఘునాథ్ కొత్త మేస్త్రిని పెట్టుకున్నాడు. గోడకు ఆనించిన పీట మీద ఇప్పుడు ఇంకో పిల్ల కూర్చుంటోంది. కోర్టు నుంచి కాగితం వచ్చినప్పుడల్లా అలివేలమ్మ పోయి చెప్పిందే చెప్పి వస్తోంది. ఈసారి మార్చుకోవాల్సిన మాట ఏదీ లేదు. తోడు పిలవకపోయినా, వాయిదా ఉన్న ప్రతిసారీ సంతోషమ్మ బస్సులో ఆమె పక్క సీట్లో కూర్చుంటోంది. క్షమించిందో లేదో అలివేలమ్మ అడగలేదు. ఆమె చెప్పలేదు.

గుడ్డ ఇంకా కోర్టులోనే ఉంది. సగం కడిగినట్టే ఉంది.

చదివినవాళ్లను అడిగేది ఒకటే. అరెస్టయిన వాడి పేరు మీకు గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఎప్పుడైనా దుప్పటో, చీరో తడిపి, పిండటానికి అవతలి కొస పట్టుకునే మనిషి కోసం మీరు చుట్టూ చూసినప్పుడు, ప్రసన్నకుమారిని ఒక్కసారి తలచుకోండి. ఆ పిల్ల గుడ్డను మడత పడనియ్యలేదు.